మా బడికి టెలివిజన్ పంపిన విక్రమ్ సారాభాయ్

ఈ ఏటి సావనీరుకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. గాంధీగారి మీదా, నెహ్రూగారి మీదా ఇప్పటికే వ్యాసాలు చేతికొచ్చాయట, వారిని మినహాయించి మరెవరైనా ఫరవాలేదన్నారు. నేను విక్రమ్ సారాభాయ్ పేరు చెప్పాను. చంద్రయాన్ గురించా అని ఒక కుర్రవాడు అడిగాడు. అందులో అతని తప్పేమీ లేదు. 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువం దగ్గర దిగిన ల్యాండరు పేరు విక్రమ్. టీవీల ముందు కూర్చుని దేశమంతా చప్పట్లు కొట్టింది. ఇప్పటి విద్యార్థికి ఆ పేరు అక్కడే పరిచయం. నాకు మాత్రం ఆయన పరిచయమైంది రాకెట్టు ద్వారా కాదు, పాలమూరు జిల్లాలోని ఒక ప్రాథమిక పాఠశాల వరండాలో, నలుపు తెలుపు టీవీ ద్వారా. ఆ టీవీ పంపినాయన ఎవరో అప్పటికి మాకు తెలియదు. మేం దాన్ని చూసేనాటికి ఆయన చనిపోయి మూడున్నర ఏళ్లు దాటింది. అందుకే చంద్రమండలం సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆయన జీవితంలో మా బడి దాకా వచ్చిన దారిని గురించి రాస్తాను.

విక్రమ్ అంబాలాల్ సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో పుట్టారు. తండ్రి అంబాలాల్ పెద్ద బట్టల మిల్లుల యజమాని. తల్లి సరళాదేవి. ఎనిమిది మంది సంతానం. డబ్బుకు లోటు లేని ఇల్లని వేరే చెప్పనక్కర లేదు. కానీ ఆ ఇల్లు మామూలు షావుకారు ఇల్లు కాదు. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికులు సమ్మె కట్టినప్పుడు గాంధీగారి పక్కన నిలబడి కార్మికులను నడిపిన అనసూయా బెన్ ఎవరనుకున్నారు? సాక్షాత్తూ అంబాలాల్ గారి అక్కగారు. తమ్ముడు యజమానుల వైపు, అక్క కూలీల వైపు. అయినా అక్కాతమ్ముళ్ల రాకపోకలు ఆగలేదు. విక్రమ్ అక్క మృదుల స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. గాంధీ, టాగూరు వంటివారు ఆ ఇంటికి వచ్చిపోయేవారు. ఒకే కప్పు కింద రెండు పక్షాల మాటా విని పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఎవరితోనైనా మాట్లాడి ఒప్పించగల మనిషి కావడంలో వింతేముంది?

ఇక ఆయన చదువు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. ఆనాటి బడుల తీరు సరళాదేవికి నచ్చలేదు. బెత్తం, బట్టీ, భయం, ఈ మూడూ లేని చదువు తన పిల్లలకు కావాలనుకున్నారు. మాంటిస్సోరి పద్ధతి గురించి చదివి, అదే పద్ధతిలో తమ ఆవరణలోనే ఒక బడి పెట్టేశారు. విదేశాల నుంచి కూడా ఉపాధ్యాయులను రప్పించారు. భాషలు, లెక్కలు, సైన్సుతో పాటు తోటపని, సంగీతం, బొమ్మలు గీయడం, పనిముట్లు పట్టడం అన్నీ అక్కడ పాఠాలే. విక్రమ్‌కు యంత్రాల మీద మోజు. ఇంట్లో ఉన్న చిన్న వర్క్‌షాపులో, సాయం చేసేవారిని పక్కన పెట్టుకుని, నిజంగా నడిచే రైలింజను నమూనా తయారు చేశాడు. ఇలాంటి బాల్యం లక్షమందిలో ఒకరికి కూడా దొరకదు. దొరికినవారిలో చాలామంది దాన్ని తమ హక్కనుకుని హాయిగా బతికేస్తారు. ఈయన అలా ఊరుకోలేకపోయారు.

గుజరాత్ కాలేజీలో కొంతకాలం చదివి 1937లో కేంబ్రిడ్జి వెళ్లారు. సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. సిఫారసు ఉత్తరం టాగూరు గారు రాశారంటే ఆ కుటుంబం పలుకుబడి అర్థం చేసుకోవచ్చు. 1940లో ప్రకృతి శాస్త్రాల్లో ట్రైపాస్ పూర్తయ్యేసరికి ప్రపంచ యుద్ధం మొదలైపోయింది. స్వదేశం వచ్చి బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటులో సి.వి. రామన్ గారి దగ్గర విశ్వకిరణాల మీద పరిశోధనకు కూర్చున్నారు. హోమీ భాభా కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. విశ్వకిరణాలంటే ఆకాశంలోంచి రాత్రింబవళ్లు మన మీద కురుస్తున్న, కంటికి కనపడని కణాల వాన. ఎత్తుకు పోయేకొద్దీ వాటి లెక్క మారుతుంది గనుక కాశ్మీరు కొండలెక్కి కూడా కొలతలు తీశారు. ఆకాశం నుంచి కిందికి వచ్చేదాన్ని నేలమీద పట్టుకోవడం అనే పని ఆయనకు అప్పటి నుంచే అలవాటు.

బెంగుళూరులోనే మృణాళిని స్వామినాథన్ పరిచయమయ్యారు. ఆవిడ నర్తకి, ఆజాద్ హింద్ ఫౌజు కెప్టెన్ లక్ష్మికి చెల్లెలు. 1942లో వివాహమైంది. యుద్ధం ముగిశాక మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి 1947లో డాక్టరేటు పుచ్చుకుని వచ్చారు.

అక్కడి నుంచి ఆయన పెట్టిన సంస్థల జాబితా రాయడం మొదలుపెడితే ఈ సావనీరులో ప్రకటనలకు చోటుండదు. 1947 నవంబరులో, అంటే స్వాతంత్ర్యం వచ్చిన మూడు నెలలకు, ఒక కాలేజీలో రెండు మూడు గదులడిగి పుచ్చుకుని భౌతిక పరిశోధనాలయం మొదలెట్టారు. అప్పుడాయన వయసు 28. బట్టల మిల్లుల కోసం పరిశోధనా సంస్థ, భార్యతో కలిసి దర్పణ నాట్య సంస్థ, ఇంటి మందుల కంపెనీ వ్యవహారాలు, 1961లో అహ్మదాబాదు ఐ.ఐ.ఎం., ఇలా సాగుతూ పోయింది. ఒకే మనిషి ఇన్ని పనులు పెట్టుకోవడం మంచిదేనా అని నాకు సందేహం. నిద్ర చాలక, విమానాల్లోనే ఫైళ్లు చూస్తూ, కాలినడకన పోతూనే మనుషులతో సంప్రదింపులు జరిపే ఆయన పద్ధతి చదివినప్పుడల్లా అభిమానంతో పాటు కొంచెం కోపం కూడా వస్తుంది. 52 ఏళ్లకే వెళ్లిపోయిన మనిషి కదా!

1962లో అంతరిక్ష పరిశోధనకు జాతీయ సంఘం ఏర్పడింది, ఆయన అధ్యక్షుడయ్యారు. భూమి అయస్కాంత రేఖ మీదుగా పోయే తుంబా అనే కేరళ పల్లెలో రాకెట్టు కేంద్రానికి చోటు దొరికింది. అక్కడి చర్చి కార్యాలయమైంది. 1963 నవంబరు 21న మొదటి రాకెట్టు ఎగిరింది. రాకెట్టు అమెరికాది, అందులో పెట్టిన సోడియం ఆవిరి సరంజామా ఫ్రాన్సుది. సైకిలు మీద రాకెట్టు ముక్కు మోసుకుపోయే ఫొటో అందరూ చూసే ఉంటారు, అది ఆ రోజులదే. ఎద్దుల బండి మీద ఉపగ్రహం ఉన్న ఫొటోను కూడా చాలామంది ఆయన ఖాతాలో వేస్తారు. అది యాపిల్ ఉపగ్రహం, 1981 నాటిది. అప్పటికి ఆయన పోయి పదేళ్లవుతోంది.

తిండికి గతిలేని దేశానికి రాకెట్లెందుకు అని ఆ రోజుల్లో అడగని వాళ్లు లేరు. న్యాయమైన ప్రశ్నే. 1965, 66 సంవత్సరాల్లో కరువు, అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూపు. ఆ ప్రశ్నకు సారాభాయ్ దగ్గరున్న జవాబుల్లో నన్ను తాకినది టెలివిజన్.

అప్పటి పరిస్థితి ఏమిటో చూడండి. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఏళ్లు గడిచినా ఢిల్లీ దాటలేదు. లోకంలో ఎక్కడైనా పద్ధతి ఒక్కటే. ముందు రాజధానికి, తర్వాత పెద్ద పట్టణాలకు, ఆ తర్వాత జిల్లా కేంద్రాలకు. పల్లెకు చేరేది చివరికి, చేరితే. కరెంటు, రోడ్డు, ఆసుపత్రి, అన్నీ ఆ వరసలోనే వచ్చాయి. సారాభాయ్ ఈ వరసను తలకిందులు చేయాలన్నారు. నేలమీద టవర్లు కట్టుకుంటూ పోతే పల్లె చివరిదే అవుతుంది. అదే ప్రసారం ఉపగ్రహం నుంచి వస్తే? ఆకాశంలోంచి చూసినప్పుడు ఢిల్లీకీ, నారాయణపేట తాలూకాలోని కుగ్రామానికీ తేడా ఏముంది? వాన అందరి మీదా ఒకేలా కురిసినట్టే కదా. కాబట్టి పల్లెలతోనే మొదలుపెడదాం, దేశంలో ఉన్న అయిదు లక్షల అరవై వేల గ్రామాలకూ ఉపగ్రహం ద్వారా టెలివిజన్ అందిద్దాం అని ఆయన వాదన. ఊరికే వాదన కాదు, టవర్ల ఖర్చెంత, ఉపగ్రహం ఖర్చెంత, రెండూ కలిపితే ఎంత అని లెక్కలు వేయించి పెట్టారు. మిల్లు యజమాని కొడుకు గదా, లెక్క లేకుండా మాట్లాడరు.

ముందుగా చిన్న ప్రయత్నం. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో టీవీలు పెట్టి కృషి దర్శన్ మొదలుపెట్టారు. వ్యవసాయ కార్యక్రమమే అయినా అసలు పల్లెవాళ్లు టీవీ చూసి ఏం గ్రహిస్తారన్న పరీక్ష అది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో మరణించాక అణుశక్తి సంఘం అధ్యక్ష పదవి కూడా సారాభాయ్ మీదే పడింది. ఆ బరువు ఆయన ఆయుష్షు తిన్నదని నేను నమ్ముతాను. కానీ ఆ కుర్చీలో ఉండబట్టే మన హైదరాబాదులో 1967లో పెట్టిన ఇ.సి.ఐ.ఎల్. కూడా ఆయన శాఖ కిందికి వచ్చింది. దాన్ని నడిపింది మన అయ్యగారి సాంబశివరావు గారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 18న, అమెరికా వారి నాసాతో ఒడంబడిక కుదిరింది. నాసా తన ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు అరువిస్తుంది. నేలమీది కేంద్రాలు, గ్రామాల్లో టీవీ సెట్లు, వాటి మరమ్మతులు, కార్యక్రమాల తయారీ, అన్నీ మన బాధ్యత. నాసా ఊరికే దానధర్మం చేయలేదు లెండి. అంత విశాలమైన దేశం మీద తమ ఉపగ్రహాన్ని పరీక్షించుకోవడం వారికీ అవసరమే. ఏదైతేనేం, ఏడాది దొరికింది. ఏడాది అయ్యాక మన సొంత ఉపగ్రహం సిద్ధంగా ఉండాలన్నది సారాభాయ్ ఆలోచన.

ఇవన్నీ చేస్తూనే అహ్మదాబాదులో పిల్లల కోసం ఒక సైన్సు కేంద్రం పెట్టారు. తాళం వేసిన బీరువాలో గాజు సామాను చూసి సైన్సు నేర్చుకునే పిల్లలకు, ముట్టుకుని, విప్పి, మళ్లీ బిగించి చూసే చోటు అది. 1968 డిసెంబరులో దాని శంకుస్థాపనకు తన గురువు రామన్ గారిని పిలిపించారు. ఆయన ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెబుతూ ఉపన్యాసం ఇచ్చారు. నాకు ఈ కేంద్రం, ఉపగ్రహ టెలివిజన్, రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. తన తల్లి ఎనిమిది మంది పిల్లల కోసం పెట్టిన బడిని ఆయన మొదట ఊరి పిల్లలకు తెరిచారు, తర్వాత దేశంలోని పిల్లలందరికీ తెరవాలనుకున్నారు. ఇది నా ఊహ. ఆయన ఎక్కడా ఇలా రాసుకున్నట్టు నేను చదవలేదు.

అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట దీవిని రాకెట్టు కేంద్రానికి ఎంచుకున్నది కూడా ఆయన హయాంలోనే. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. ఆ తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 30న, తుంబా పని మీద వెళ్లి కోవళంలో బస చేసిన సారాభాయ్ నిద్రలోనే కన్నుమూశారు. ఆ మరణం గురించి రకరకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. వాటి జోలికి నేను పోను.

మనిషి పోతే పని ఆగిపోవడం మన దేశంలో మామూలే. ఈ పని మాత్రం ఆగలేదు. ఆయన చేసిన గొప్ప పని ఏదంటే నేను ఇదే చెబుతాను, తను లేకపోయినా పని చేసే మనుషులను తయారు చేసి పెట్టుకున్నారు. ఇస్రో పగ్గాలు 1972లో సతీశ్ ధావన్ గారు పట్టుకున్నారు. అహ్మదాబాదులో యశ్‌పాల్ గారు, చిట్నిస్ గారు టెలివిజన్ పని మీద కూర్చున్నారు. నాసా ఉపగ్రహం ఎ.టి.ఎస్.-6 1974 మే 30న పైకి వెళ్లింది. మరుసటి ఏడు దాన్ని మెల్లగా జరిపి తూర్పు ఆఫ్రికా పైన నిలిపారు. దానికి 30 అడుగుల గొడుగు. ఆ గొడుగు మన వైపు తిరిగి ఉంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంపిక చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల్లో దాదాపు 400 ఊళ్లు. ఏ ఊళ్లు? బాగుపడినవి కాదు, వెనకబడినవి. వెనకబడి ఉండటం ఒక అర్హత అయిన సందర్భం అది. వాటిలో మా ఊరొకటి.

సెట్లు తయారైంది హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్.లో. మా బడి మిద్దె మీద పది అడుగుల గుండ్రటి గొడుగు ఒకటి వెల్లకిలా పెట్టారు. దాని జాలీ అచ్చంగా కోళ్ల దొడ్డికి వేసే జాలీయే. మా అమ్మ చూసి ఇంత పెద్ద కోళ్ల గంప ఎందుకని అడిగింది. టీవీని తమ అరుగు మీద పెట్టించుకోవాలని ఊళ్లో పెద్దలు కొందరు చాలా తిప్పలు పడ్డారు. అందరూ రాగలిగే చోటే పెట్టాలన్నది నిబంధన కావడంతో బడికే దక్కింది. ఆ సంగతి ఇప్పుడు చిన్నదిగా కనిపించవచ్చు. మా తరగతిలో మాదిగవాడ నుంచి వచ్చే ఆరుగురు పిల్లలకు ఊళ్లో ఏ అరుగూ ఎక్కే వీలు లేని కాలం అది.

1975 ఆగస్టు 1న ప్రసారం మొదలైంది. రోజుకు నాలుగు గంటలు. అందులో పొద్దున గంటన్నర బడిపిల్లలకు. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం నాలుగు భాషలు పంచుకోగా మా తెలుగు వాటా ఇరవై రెండున్నర నిమిషాలు. ఆ అర నిమిషం కూడా వదులుకునేవాళ్లం కాదు. నేను అప్పుడు మూడో తరగతి. మా బడికి రెండు గదులు, ఇద్దరు సార్లు, అయిదు తరగతులు. అలాంటి బడిలో ఒక తోలుబొమ్మ తెలుగు మాట్లాడితే, నక్క కథ నిజంగా నడిచి చూపిస్తే, ఏనాడూ చూడని సముద్రం అలలు కొడుతూ కనిపిస్తే ఎలా ఉంటుంది! ఇప్పుడు అరచేతిలో లోకమంతా చూసే మీకు ఎంత చెప్పినా ఆ రుచి అందదు. బొమ్మ ఆగిపోయినప్పుడల్లా మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. మెకానిక్ జీపు వచ్చిందంటే దాని వెనక ఊరు దాటేదాకా పరుగెత్తేవాళ్లం.

నాకు బాగా గుర్తున్నవి సైన్సు కార్యక్రమాలు. వాటి తయారీలో ఇస్రో వారి చేయి కూడా ఉందని పెద్దయ్యాక తెలిసింది. అందులో ఎవరూ బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పేవారు కాదు. ఇంట్లో దొరికే వస్తువేదో తీసుకుని ఇలా చేస్తే ఏమవుతుందో చూద్దామనేవారు. ఒకరోజు ఒక గ్లాసులోని నీళ్లు సన్నటి గొట్టం గుండా తమంతట తామే పైకెక్కి దిగి ఇంకో గ్లాసులోకి పోవడం చూపించారు. మేం గారడీ అనుకున్నాం. మరునాడు మా పెద్ద సారు సైకిలు షాపు నుంచి మూరెడు వాల్‌ట్యూబు కొని తెచ్చారు. మా చేతే చేయించారు. మాదిగవాడ ఎల్లప్ప నోటితో పీల్చి నీళ్లు దింపాడు, అదే ట్యూబు నేనూ నోట్లో పెట్టుకున్నాను. ఇంటికి పోయి చెప్తే నానమ్మ నా నెత్తిన నీళ్లు గుమ్మరించింది. సారు మాత్రం తర్వాతి వారం కూడా అదే ట్యూబు తెచ్చారు.

ఈ సార్లకూ ఆ టీవీలోనే శిక్షణ ఇచ్చారు. 1975 అక్టోబరులో ఒకసారి, తర్వాత వేసవిలో ఇంకోసారి, పన్నెండేసి రోజులు. రెండు విడతల్లో మొత్తం సుమారు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులు కూర్చుని విన్నారని లెక్క. సారాభాయ్ ఆలోచనలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోచేది ఇదే. టీవీ ఒకనాడు పోతుంది, సారు ఊళ్లోనే ఉంటారు.

సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. పురుగుమందులు, కుటుంబ నియంత్రణ, పశువుల జబ్బులు, నడుమ నాటకాలు, జానపదాలు, ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమం. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. ఇరవై సూత్రాల ప్రచారం కూడా అదే తెర మీద వచ్చింది. పల్లెవాడికి నోరిద్దామని వేసిన దారి పల్లెవాడికి ఆజ్ఞలిచ్చే దారి కూడా కాగలదని ఆ ఏడాదే తేలిపోయింది. సారాభాయ్ బతికుంటే ఏమనేవారో ఊహించడం అనవసరం.

1976 జులై 31తో గడువు తీరిపోయింది. అమెరికా వారి ఉపగ్రహం అమెరికా వైపు వెళ్లిపోయింది. మరునాడు పొద్దున అలవాటుగా వరండాలో కూర్చున్నాం. తెర మీద ఇసుక రాలినట్టు చుక్కలు తప్ప ఏమీ లేదు. మా వాళ్లలో ఒకడు దాని బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాడు. వారం రోజులు అలాగే కూర్చున్నాం. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వచ్చింది, కొన్ని ఊళ్లకు మళ్లీ బొమ్మ అందింది. మా ఊరికి అందలేదు. మిద్దె మీది జాలీ కొన్నాళ్లకు నిజంగానే ఎవరి దొడ్లోకో చేరింది.

ఆ ఏడాదివల్ల ఏమొరిగిందని పరిశోధకులు కొలిచి చూశారు. బడి చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. పిల్లల మాటతీరులో, తెలియనిదాన్ని నలుగురినీ అడిగి తెలుసుకునే అలవాటులో మార్పు కనిపించిందట. కొందరు దీన్ని వైఫల్యం కింద రాశారు. మొదటిసారి అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మూడో తరగతి పిల్లవాడు నోరు తెరిచి ఎందుకు అని అడిగితే, మార్కుల కాలంలో అది ఎక్కడ వేస్తారు?

సారాభాయ్ అనుకున్న సొంత ఉపగ్రహం అనుకున్న వేళకు రాలేదు. 1982లో పంపిన ఇన్‌శాట్-1ఎ కొద్ది నెలలకే చేతికి రాకుండా పోయింది. 1983లో ఇన్‌శాట్-1బి నిలబడింది. 1984 ఆగస్టు 15న యు.జి.సి. వారి కార్యక్రమాలు మొదలయ్యాయి. కాలేజీ రోజుల్లో నేనూ వాటిని చూశాను. బడిపిల్లల ప్రసారాలు కూడా కొంతకాలం నడిచాయి. 2004 సెప్టెంబరు 20న అచ్చంగా చదువుల కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం, ఆయన ఎంపిక చేసిన శ్రీహరికోట నుంచే వెళ్లింది. కానీ వరస మాత్రం మళ్లీ పాత వరసే అయింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఆటల కోసం రంగుల టీవీ వచ్చింది, టవర్లు పట్టణాల చుట్టూ లేచాయి, పల్లెకు చేరేసరికి పాఠాల కంటే సబ్బుల ప్రకటనలు ముందు చేరాయి. పల్లెతో మొదలుపెట్టిన ఆ ఒక్క ఏడాదీ అలా విడిగా మిగిలిపోయింది.

చంద్రుడి మీద ప్రశాంత సాగరమనే మైదానం పక్కన సెరినిటీ సాగరం ఉంది. అక్కడి ఒక గుంటకు శాస్త్రజ్ఞులు 1970లలోనే సారాభాయ్ పేరు పెట్టారు. 1972లో ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇవన్నీ ఆయనకు తగినవే.

మా పెద్ద సారు 1994లో రిటైరయ్యారు. అప్పటిదాకా ఏటా మూడో తరగతి పిల్లలకు రెండు గ్లాసులు, మూరెడు వాల్‌ట్యూబు పెట్టి ఆ నీళ్ల పని చేయించేవారట. టీవీ ముఖం ఎరుగని ఆ పిల్లలకు ఎవరు నేర్పారో గానీ, దాన్ని వాళ్లు టీవీ ఆట అని పిలిచేవారు. మా ఎల్లప్ప కొడుకు కూడా ఆడాడు.